పాత సినిమా వసూళ్లకు నేటి విలువ కట్టడం: ఏ లెక్క ఎవరికి సరిపోతుంది?

పెద్ద సినిమా ఏది విడుదలైనా వారం తిరక్కుండానే ‘ఆల్ టైమ్ రికార్డు’ అనే మాట మొదలవుతుంది. ఆ వెంటనే పాత తరం ప్రేక్షకుల్లో ఎవరో ఒకరు, పావలా టికెట్ల రోజుల్లో ఆడిన ఫలానా సినిమాకు ఇప్పటి లెక్క కడితే ఈ రికార్డులేవీ దాని ముందు నిలవవని అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. చిక్కేమిటంటే, పాత వసూలును ఇప్పటి విలువలోకి మార్చే పద్ధతి ఒక్కటి కాదు. వాడుకలో కనీసం అయిదున్నాయి. ఒకే సినిమాకు ఒక పద్ధతి 85 కోట్లంటే, ఇంకొకటి 260 కోట్లంటుంది; మూడో పద్ధతిని అజాగ్రత్తగా వాడితే వెయ్యి కోట్లు కూడా వస్తుంది. ఈ మూడు అంకెలూ ఎలా వస్తాయో కింద చూపిస్తాను.

నా నిర్ణయం ముందే చెబుతాను. ‘ఎంత డబ్బు వచ్చింది’ అన్నది ఒక ప్రశ్న, ‘ఎంతమంది చూశారు’ అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి ధరల సూచీ కావాలి, రెండోదానికి టికెట్ల సంఖ్య కావాలి. ఒక ప్రశ్నకు కట్టిన లెక్కను మరో ప్రశ్నకు జవాబుగా వాడినందువల్లనే ఈ విషయంలో ఇన్ని తప్పుడు అంకెలు చలామణి అవుతున్నాయి.

## లెక్కకు కూర్చునే ముందు

ఏ పద్ధతిని ఎంచుకున్నా, చేతిలో ఉన్న అంకె ఏ రకానిదో ముందుగా తేల్చుకోవాలి. టికెట్ల మీద వచ్చిన మొత్తాన్ని, పన్నుతో సహా, గ్రాస్ అంటారు. పన్ను తీసేస్తే మిగిలేది నెట్. థియేటర్ అద్దె గానీ పర్సెంటేజీ గానీ పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ (గోదావరి జిల్లాలు), కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాల వారీగా లెక్క చెప్పే తెలుగు ట్రేడ్, అంటే సినిమా వ్యాపార వర్గాలు, చాలాకాలం షేర్‌నే ప్రమాణంగా పెట్టుకుంది. ఇప్పటి పోస్టర్ల మీద మాత్రం కనిపించేది ప్రపంచవ్యాప్త గ్రాస్. అందువల్ల పాత సినిమా షేర్‌ను ద్రవ్యోల్బణంతో ఎంత శ్రద్ధగా హెచ్చించినా, దాన్ని తెచ్చి కొత్త సినిమా గ్రాస్ పక్కన పెడితే ఆ పోలిక చెల్లదు.

పన్ను సంగతి కూడా ఇలాంటిదే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు వంద రూపాయల లోపు టికెట్ మీద 18 శాతం, ఆపైన 28 శాతం పన్ను ఉండేది. 2019 జనవరి 1 నుంచి అవి 12, 18 శాతాలకు తగ్గాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద లోపు టికెట్ల మీద 5 శాతమే. జీఎస్టీకి ముందంతా వినోదపు పన్ను, అదీ రాష్ట్రానికో తీరు. బాహుబలి రెండో భాగం 2017 ఏప్రిల్ 28న, అంటే జీఎస్టీకి రెండు నెలల ముందు వచ్చింది కాబట్టి, దాని గ్రాస్‌లో ఉన్న పన్ను వాటా, ఆ తర్వాతి సినిమాల గ్రాస్‌లో ఉన్న వాటా ఒకటి కావు. సూక్ష్మంగా చూడదలచినవారు నెట్‌ను నెట్‌తోనే పోల్చాలి.

మూడో అంశం వసూలైన కాలం. ఇప్పటి పెద్ద సినిమా వేల తెరల మీద ఒకేసారి విడుదలై, తన వసూలులో ఎక్కువ భాగాన్ని మూడు వారాల్లోనే రాబట్టుకుంటుంది. 1960లలో కొద్ది ప్రింట్లతో పెద్ద ఊళ్లలో మొదలైన సినిమా నెలల తరబడి ఆడి, ఆ తర్వాత బి, సి సెంటర్లకు (చిన్న పట్టణాలకు, పల్లెలకు) వెళ్లి, పండుగలకు మళ్లీ మళ్లీ వేయబడేది. ‘మొత్తం వసూలు’ అని చెప్పే అంకె ఆ ఏళ్లన్నిటిదీ అయినప్పుడు, దాన్నంతటినీ విడుదలైన ఏడాది ధరతో హెచ్చించకూడదు. నాలుగోది ప్రాంతం. దేశంలో వచ్చిన రూపాయలకు, అమెరికాలో వచ్చిన డాలర్లకు ఒకే సూచీ పనికిరాదు. ఈ నాలుగూ తేల్చుకున్నాక పద్ధతుల దగ్గరికి వెళ్దాం.

## ఉన్నదున్నట్టు చెప్పడం

ఏ సవరణా చేయకుండా అప్పటి అంకెను అప్పటిదిగానే చెప్పడం మొదటి దారి. ఇది తేలిక, తప్పు దొర్లే అవకాశం తక్కువ. రెండు మూడేళ్ల తేడాలో వచ్చిన సినిమాలకు ఇది చాలు. అంత దగ్గరి సినిమాల మధ్య ధరల తేడా కంటే, ట్రేడ్ అంచనాల్లో ఒకరికీ మరొకరికీ ఉండే తేడానే ఎక్కువ.

వ్యాపార ఫలితం చూసేవారికి కూడా ఇదే సరైన దారి. ఒక ఏరియా హక్కులను పది కోట్లకు కొన్న డిస్ట్రిబ్యూటర్‌కు అదే ఏడాది పద్నాలుగు కోట్ల షేర్ వచ్చిందనుకుంటే, పెట్టుబడీ రాబడీ ఒకే కాలపు రూపాయల్లో ఉన్నాయి. ఆ సినిమా నలభై శాతం లాభం తెచ్చిందని చెప్పడానికి ఏ సూచీ అక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందటి హిట్టునూ నిన్నటి హిట్టునూ ఇలా శాతాల్లో పోల్చుకోవచ్చు.

## ధరల సూచీతో సవరించడం

ఆర్థికవేత్తలు ‘ద్రవ్యోల్బణ సవరణ’ అన్నప్పుడు సాధారణంగా చెప్పేది దీన్నే. అప్పటి వినియోగదారుల ధరల సూచీ ఎంత, ఇప్పటిది ఎంత అని చూసి, ఆ నిష్పత్తితో వసూలును హెచ్చిస్తారు. ఆ డబ్బుతో అప్పుడు కొనగలిగిన బియ్యం, బట్టలు, ఇంటి అద్దె, బస్సు చార్జీలు ఇప్పుడు కొనాలంటే ఎంత కావాలన్నది ఇందులో తేలుతుంది. నిర్మాతకు వచ్చిన డబ్బు అసలు విలువ తెలుసుకోవాలన్నా, పాత సినిమా బడ్జెట్‌ను కొత్త బడ్జెట్‌తో పోల్చాలన్నా ఇదే దారి.

అమెరికాలో ఈ పని సులువు, ఎందుకంటే అక్కడి సూచీ 1913 నుంచి ఒకే వరుసలో దొరుకుతుంది. మన దేశంలో అంత సులువు కాదు. గ్రామీణ, పట్టణ ప్రాంతాలను కలిపిన సూచీ 2011 నుంచే ఉంది. అంతకుముందు కాలానికి లేబర్ బ్యూరో ప్రకటించే పారిశ్రామిక కార్మికుల సూచీని ఆశ్రయించాలి. దాని ఆధార సంవత్సరం 1960 నుంచి 1982కు, అక్కడి నుంచి 2001కి, ఆ తర్వాత 2016కు మారుతూ వచ్చింది. ఒక వరుసను ఇంకొక వరుసతో కలపడానికి ఆ సంస్థే 4.93, 4.63, 2.88 అనే అనుసంధాన గుణకాలను ఇచ్చింది. ఈ మూడింటినీ హెచ్చిస్తే సుమారు 65.7 వస్తుంది. 2016ను 100గా తీసుకున్న సూచీ 2024లో 140 చుట్టూ ఉంది కాబట్టి, 1960ని 100గా తీసుకుంటే 2024 సూచీ సుమారు 9,200 అవుతుంది. అంటే 1960 నాటి ఒక రూపాయి 2024లో సుమారు 92 రూపాయలకు సమానం. అనుసంధాన గుణకాలను మరిచిపోయి, 1960 వరుసలోని అంకెనూ 2016 వరుసలోని అంకెనూ నేరుగా భాగించేవారికి ధరలు అసలు పెరగనే లేదన్నట్టు జవాబు వస్తుంది.

ఇంకో జాగ్రత్త చాలామంది దృష్టికి రాదు. ఆదాయపు పన్ను శాఖ మూలధన లాభాల కోసం ప్రకటించే వ్యయ ద్రవ్యోల్బణ సూచీ ఒక చిన్న పట్టికలో చక్కగా దొరుకుతుంది కాబట్టి, దాన్నే సినిమా లెక్కలకు వాడేస్తుంటారు. 2017–18కి అది 272, 2024–25కి 363. కానీ చట్టం ప్రకారం ఆ సూచీని పట్టణ వినియోగదారుల ధరల పెరుగుదలలో 75 శాతాన్నే దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తారు. కనుక దానితో కట్టే విలువ ఎప్పుడూ అసలు ధరల పెరుగుదల కంటే తక్కువే చూపిస్తుంది. ఈ తేడా చిన్నది కాదని చివరి పద్ధతి దగ్గర ఇచ్చిన పట్టికలో కనిపిస్తుంది.

ఈ పద్ధతికి ఉన్న అసలు పరిమితి వేరే. సినిమా టికెట్ ధర బియ్యం ధరతో కలిసి నడవదు. కొన్నాళ్లు వెనకబడుతుంది, మరికొన్నాళ్లు ముందుకు దూకుతుంది. అందువల్ల ధరల సూచీతో సవరించిన వసూలును చూసి జనాదరణ మీద తీర్పు చెప్పకూడదు.

## సగటు టికెట్ ధరతో సవరించడం

అమెరికాలో ‘సవరించిన రికార్డుల జాబితా’ అని ప్రసిద్ధమైనవి చాలావరకు ఈ పద్ధతిలో తయారైనవే. వసూలును ఆ ఏటి సగటు టికెట్ ధరతో భాగించి, వచ్చిన సంఖ్యను ఇప్పటి సగటు ధరతో హెచ్చిస్తారు. అక్కడి థియేటర్ యజమానుల సంఘం దశాబ్దాల పాటు ఏటా సగటు ధర ప్రకటించడం వల్ల ఇది వీలైంది. 1939లో ఆ ధర సుమారు 23 సెంట్లు, 1977లో 2.23 డాలర్లు, 1998లో 4.69 డాలర్లు, 2019లో 9.16 డాలర్లు.

ఈ అంకెలను ధరల సూచీ పక్కన పెడితే ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. 1977 నుంచి 2019 వరకు టికెట్ ధర 4.1 రెట్లయితే, సాధారణ ధరలు 4.2 రెట్లయ్యాయి, రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరాయి. 1939 నుంచి లెక్కిస్తే మాత్రం టికెట్ సుమారు 40 రెట్లు పెరగ్గా, సాధారణ ధరలు 18 రెట్లే పెరిగాయి. అంటే పద్ధతుల మధ్య తేడా ఎంతో సినిమా ఏ కాలానిదన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికా, కెనడాలలో తొలి విడుదల వసూళ్లుగా సాధారణంగా చూపించే అంకెలతో, 2019 విలువలో కట్టిన లెక్క ఇది.

| సినిమా | అప్పటి వసూలు (కోట్ల డాలర్లు) | ధరల సూచీతో | టికెట్ ధరతో | టికెట్లు (అంచనా) |
|---|---|---|---|---|
| స్టార్ వార్స్, 1977 | 30.7 | 129.6 | 126.2 | 13.8 కోట్లు |
| టైటానిక్, 1997 | 60.1 | 94.2 | 117.3 | 12.8 కోట్లు |
| అవెంజర్స్: ఎండ్‌గేమ్, 2019 | 85.8 | 85.8 | 85.8 | 9.4 కోట్లు |

టైటానిక్ 1997 డిసెంబరు 19న విడుదలైనా, దాని వసూలులో అధిక భాగం 1998లో వచ్చింది కాబట్టి ఆ ఏటి ధరనే తీసుకున్నాను. సవరణ లేని వరుసలో ఎండ్‌గేమ్ అందరికంటే ముందుంటే, మిగతా మూడు వరుసల్లోనూ అది అందరికంటే వెనక ఉంది. కానీ టైటానిక్‌కు, ఎండ్‌గేమ్‌కు మధ్య దూరం ధరల సూచీలో 10 శాతం లోపైతే, టికెట్ ధరలో 35 శాతం దాటింది. ఒకే సినిమా గురించి ఇద్దరు వాదించుకుంటూ, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండటం ఇలా సాధ్యమవుతుంది.

ఈ పద్ధతి ఎక్కడ బోల్తా కొడుతుందో గాన్ విత్ ద విండ్ చూపిస్తుంది. 1939లో విడుదలైన ఆ సినిమా అమెరికాలో మొత్తం సుమారు 20 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ మొత్తాన్ని 23 సెంట్లతో భాగిస్తే 87 కోట్ల టికెట్లు వస్తాయి. అప్పటి అమెరికా జనాభా 13 కోట్ల పైచిలుకే. ఆ 20 కోట్లు 1947, 1954, 1961, 1967 తదితర సంవత్సరాల పునర్విడుదలల్లో, అప్పటప్పటి ధరలకు వచ్చినవి. ప్రతి విడుదలనూ దాని ధరతో విడిగా భాగించి కూడితే టికెట్లు 20 కోట్ల చుట్టూ తేలుతాయి. అప్పటికీ అది మొదటి స్థానంలోనే ఉంటుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1963లో వచ్చిన లవకుశ కోటి రూపాయలు వసూలు చేసిందని తరచూ రాస్తుంటారు. పావలా టికెట్ రోజుల్లో కోటి వసూలంటే నాలుగు కోట్ల టికెట్లు, ఇప్పటి 250 రూపాయల ధరకు వెయ్యి కోట్లు అన్నది తేలిగ్గా నోటికొచ్చే లెక్క. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభా, చంటిపిల్లలతో సహా, సుమారు 3.6 కోట్లు. లెక్క తప్పింది పావలా దగ్గరే. ఆ పావలా నేల టికెట్‌ది. అదే హాల్లో బెంచీ, కుర్చీ, బాల్కనీ కూడా ఉండేవి. ఊహకు ఒక హాలు తీసుకుందాం: పావలా నేల 300 మందికి, అర్ధరూపాయి బెంచీ 200 మందికి, రూపాయి కుర్చీ 150 మందికి, రూపాయిన్నర బాల్కనీ 50 మందికి. హాలు నిండితే 700 మంది, 400 రూపాయలు. సగటు టికెట్ 57 పైసలు, పావలాకు రెట్టింపు కంటే ఎక్కువ. ఈ సగటుతో కోటి రూపాయలను భాగిస్తే సుమారు 1.75 కోట్ల టికెట్లు వస్తాయి. పౌరాణికాన్ని కుటుంబమంతా బళ్లు కట్టుకుని వెళ్లి, ఒకటికి రెండుసార్లు చూసిన కాలం అది కాబట్టి, ఇది నమ్మదగిన సంఖ్యే.

ఆ టికెట్లను ఇప్పటి సింగిల్ స్క్రీన్ ధర 150తో హెచ్చిస్తే సుమారు 260 కోట్లు. ధరల సూచీతో కడితే 80 నుంచి 90 కోట్ల మధ్య. నేల ధరను సగటు ధరగా, మల్టీప్లెక్సు ధరను ఇప్పటి ధరగా పెట్టుకుంటే వెయ్యి కోట్లు. మొదట్లో చెప్పిన మూడు అంకెలు ఇవే. మొదటి రెండూ వేర్వేరు ప్రశ్నలకు సరైన జవాబులు. మూడోది ఏ ప్రశ్నకూ జవాబు కాదు. పాత సినిమాల మీద గౌరవం ఉన్నవాళ్లు ఆ మూడో అంకెను ప్రచారం చేయకపోవడమే వాటికి మేలు, ఎందుకంటే తప్పని తేలిన లెక్క అసలు ఘనతను కూడా అనుమానంలోకి నెడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో సగటు టికెట్ ధర పట్టుకోవడం కష్టం కావడానికి మరో కారణం, ధర మార్కెట్ కంటే ఎక్కువగా ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడవడం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నాటి జీవో 35 గ్రామ పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్లకు అత్యల్ప తరగతి ధరను 5 రూపాయలుగా పెట్టింది. 2022 మార్చిలో వచ్చిన జీవో 13 కనిష్ఠ ధరను 20 రూపాయలు చేసింది. ఏడాది తిరక్కుండా కాగితం మీద ధర నాలుగింతలైంది. ఆ ఏడాదిలో జనం డబ్బు విలువ నాలుగోవంతుకు పడిపోలేదు కదా. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి జీవో 120 ఏసీ థియేటర్లకు 50 నుంచి 150, మల్టీప్లెక్సులకు 100 నుంచి 250 రూపాయల పరిధిని, జీఎస్టీ అదనంగా, నిర్ణయించింది. ఆ పైన పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులు. 2024 డిసెంబరులో పుష్ప 2కు తెలంగాణలో ముందు రోజు రాత్రి బెనిఫిట్ షోకు 800 రూపాయలు పెంచుకోనిచ్చారు. 5 నుంచి 8వ తేదీ వరకు సింగిల్ స్క్రీన్లలో 150, మల్టీప్లెక్సుల్లో 200. 9 నుంచి 16 వరకు 105, 150. 17 నుంచి 23 వరకు 20, 50 చొప్పున పెంపు. ఒకే సినిమాకు, ఒకే రాష్ట్రంలో, మూడు వారాల్లో నాలుగు రకాల ధరలు ఉన్నాయన్నమాట. ఇలాంటి సినిమా వసూలును ‘ఆ ఏటి సగటు ధర’తో భాగిస్తే ప్రేక్షకుల సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. అమెరికాలో 3డీ, ఐమాక్స్ టికెట్లు ఎక్కువగా అమ్ముడైన సినిమాలకూ ఇదే చిక్కు.

## టికెట్ల సంఖ్యనే చెప్పడం

డబ్బును అవతల పెట్టి, ఎంతమంది టికెట్ కొన్నారో అదే చెప్పడం నాలుగో దారి. ట్రేడ్‌లో దీన్నే ఫుట్‌ఫాల్స్ అంటారు. ఫ్రాన్స్‌లో సినిమా విజయాన్ని మొదటి నుంచీ ఇలాగే కొలుస్తారు. అక్కడ టైటానిక్‌కు రెండు కోట్లకు పైగా టికెట్లు తెగాయి. దక్షిణ కొరియాలోనూ రికార్డంటే ప్రేక్షకుల సంఖ్యే, కోటి మంది చూడటం అక్కడ పెద్ద గీత. ద్రవ్యోల్బణం, పన్ను, జీవో ఏదీ దీన్ని కదిలించలేదు. జనాదరణ కొలవదలచినవారికి ఇంతకంటే నిజాయతీ గల కొలత నాకు కనిపించదు.

మన దగ్గర లోపం సమాచారానిదే. థియేటర్లలో అమ్ముడైన ప్రతి టికెట్‌ను ఒకచోట లెక్కించి ప్రజలకు చూపించే ఏర్పాటు గతంలో లేదు. ఆన్‌లైన్ బుకింగ్ వేదికలు చూపించే సంఖ్యలు వాటి ద్వారా అమ్ముడైన టికెట్లవే. కౌంటర్లో తెగినవి అందులో ఉండవు. సి సెంటర్లలో ఇప్పటికీ కౌంటర్ అమ్మకాలు గణనీయం కాబట్టి, మాస్ సినిమాకు ఆ సంఖ్య బాగా తక్కువ చూపిస్తుంది. మిగిలినవన్నీ వసూలును ఊహించిన సగటుతో భాగించి తేల్చినవే, అంటే వెనక పద్ధతిలోని లోపాలన్నీ వీటికీ ఉన్నాయి. అయినా లవకుశ విషయంలో చేసినట్టు తరగతుల వారీగా సగటు కట్టి, జనాభాతో సరిచూసుకుని, ‘ఒకటిన్నర నుంచి రెండు కోట్ల మధ్య’ అని ఒక పరిధిగా చెబితే అది గౌరవించదగిన అంచనా అవుతుంది.

## ఆదాయంతో, జనాభాతో పోల్చడం

చివరిది తక్కువమంది వాడేది. ధరలు ఎంత పెరిగాయని కాకుండా, మనుషుల ఆదాయాలు ఎంత పెరిగాయని చూస్తుంది. దేశంలో తలసరి ఆదాయం 2017–18లో సుమారు 1.15 లక్షలు, 2024–25 అంచనాల ప్రకారం సుమారు 2.05 లక్షలు. ఒక వసూలు ఆనాటి సమాజానికి ఎంత పెద్ద ఖర్చో చెప్పడానికి ఇది బాగుంటుంది. 2017లో దేశంలో వచ్చిన ప్రతి 100 కోట్ల వసూలుకు 2024 విలువ ఎంతో ఈ పట్టికలో చూడండి.

| కొలత | 2017 నాటి 100 కోట్లకు 2024 విలువ |
|---|---|
| సవరణ లేకుండా | 100 కోట్లు |
| పన్ను శాఖ వ్యయ సూచీ | సుమారు 133 కోట్లు |
| వినియోగదారుల ధరలు | సుమారు 143 కోట్లు |
| తలసరి ఆదాయం | సుమారు 178 కోట్లు |

ఏడేళ్లకే ఇంత తేడా ఉంటే, అరవై ఏళ్లకు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. జనాభాతో పోల్చడం ఇందులోనే ఇంకో తీరు. స్టార్ వార్స్ వచ్చిననాటి అమెరికా జనాభా 22 కోట్లు, టికెట్లు 13.8 కోట్లు; ఎండ్‌గేమ్ నాటికి జనాభా 33 కోట్లకు చేరువైనా, టికెట్లు 9.4 కోట్లే. టీవీ, ఓటీటీ లేని రోజుల్లో సినిమాకు పోటీ తక్కువన్న వాదన ఉంది. దాన్ని ఏ సూచీ సరిచేయలేదు; లెక్క పక్కన ఒక వాక్యంలో చెప్పవలసిందే.

## విదేశీ వసూళ్ల విషయం

ఓవర్సీస్ వసూలును ముందు రూపాయల్లోకి మార్చి, ఆపైన మన ధరల సూచీతో హెచ్చించడం తరచూ జరిగే పొరపాటు. 2017లో డాలర్ సగటున సుమారు 65 రూపాయలు, 2024లో సుమారు 84. అమెరికాలో రెండు కోట్ల డాలర్లు తెచ్చిన సినిమాకు 2017లో 130 కోట్లు, 2024లో 168 కోట్లు చూపిస్తారు. డాలర్లు అవే, రూపాయి పడిపోయింది. అక్కడి వసూలును డాలర్లలోనే ఉంచి, అక్కడి సూచీతో సవరించి, చివర్లో అవసరమైతే ఒకే మారకపు రేటుతో రెండు సినిమాలనూ రూపాయల్లోకి మార్చాలి. అయితే తెలుగు సినిమాల ప్రీమియర్ షోల టికెట్లు అక్కడి మామూలు ధరల కంటే బాగా ఎక్కువ కాబట్టి, అమెరికా సగటు టికెట్ ధరతో భాగించి మన ప్రేక్షకుల సంఖ్యను తేల్చడం కుదరదు.

## ఎవరికి ఏది

రెండు తరాల హీరోల సినిమాల్లో దేనికి ఎక్కువ ఆదరణ దక్కిందని తేల్చుకోవాలనుకునే అభిమాని టికెట్ల సంఖ్యనే పట్టుకోవాలి. రాష్ట్ర జనాభాను పక్కన పెట్టుకుని, పరిధిగా చెప్పాలి. 2000 తర్వాతి సినిమాలకైతే మల్టీప్లెక్సులకు, సింగిల్ స్క్రీన్లకు విడివిడిగా సగటు ధర తీసుకోవడం తప్పనిసరి. స్టాక్ మార్కెట్లో నమోదైన మల్టీప్లెక్స్ కంపెనీలు తమ సగటు టికెట్ ధరను ఫలితాలతో పాటు ప్రకటిస్తాయి కాబట్టి సగం పని తేలికవుతుంది, కానీ ఆ ధరను సి సెంటర్‌కు అంటగట్టకూడదు.

పత్రికలకో వీడియోలకో రాసేవారికి నా సలహా ధరల సూచీ. అందరికీ అర్థమవుతుంది, ఎవరైనా సరిచూసుకోగలరు. అయితే ‘2024 ధరల్లో, వినియోగదారుల సూచీ ప్రకారం, పన్నుతో కలిపిన గ్రాస్’ అని మూడు సంగతులూ అంకె పక్కనే రాయాలి. అవి లేని సవరించిన అంకెను మళ్లీ వాడకపోవడమే మంచిది. సినీ చరిత్ర రాసేవారు ధరల సూచీ విలువను, టికెట్ల అంచనాను రెండింటినీ ఇచ్చి, తలసరి ఆదాయపు లెక్కను నేపథ్యంగా వాడితే ఆ కాలం పాఠకుడికి కళ్లకు కడుతుంది. పంపిణీ, పెట్టుబడి కోణంలో చూసేవారికి పైన చెప్పినట్టు పెట్టుబడి మీద రాబడి శాతం చాలు. డబ్బు చాలా ఏళ్లు ఇరుక్కుపోయి, విడుదల ఆలస్యమైన సినిమాలకు మాత్రం పెట్టిన నాటి రూపాయలను, దానిపై వడ్డీని విడుదల నాటికి తెచ్చి చూడాలి.

పాత సినిమాలను 4కేలోకి మార్చి పుట్టినరోజులకు మళ్లీ విడుదల చేసే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది కాబట్టి, ఏ పద్ధతిని ఎంచుకున్నవారైనా రీ రిలీజ్ వసూలును వేరే వరుసలో, ఆ విడుదల జరిగిన ఏడాది ధరతో రాసుకోవాలి. ఇరవై ఏళ్ల కిందటి వసూలులో నిన్నటి రీ రిలీజ్ డబ్బు కలిపేసి, ఆ మొత్తాన్ని పాత సంవత్సరపు ధరతో హెచ్చిస్తే, గాన్ విత్ ద విండ్‌కు 87 కోట్ల టికెట్లు వచ్చినట్టే మన సినిమాలకూ వస్తాయి.